పెన్సిల్ పట్టే ముందు

చిన్న ప్రచురణ సంస్థలకు అప్పుడప్పుడూ చేతిప్రతులు చదివిపెడుతుంటాను. నవలైనా, ఆత్మకథైనా, కవితల కట్టైనా మొదటి చదువులో పెన్సిల్ దగ్గర ఉంచుకోను. పెన్సిల్ ఉంటే కన్ను తప్పుల వెంటే పోతుంది. రచయిత గొంతు చెవికెక్కాలి. ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, కోపం వచ్చినప్పుడు వాక్యం ఎలా తెగుతుందో తెలియాలి. ఆ తర్వాతే దిద్దుబాటు.

ఎండపల్లి భారతి 'ఎదారి బతుకులు' చదివాక ఈ పద్ధతి మీద నాకు నమ్మకం బలపడింది. మదనపల్లె వైపు పల్లెలో ఉండే దళిత మహిళ, పొదుపు సంఘాల ఆడవాళ్లు నడిపే 'నవోదయం' పత్రికలో పనిచేస్తూ రాసిన కథలవి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చు వేసింది. అన్నీ చిన్న కథలు. ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటాయి. ఈ చేతిప్రతి మరో చోటికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించగలను. హైదరాబాద్ పాఠకుడికి అర్థం కాదేమోనని ఒక మాట, వ్యాకరణం కుదరలేదని ఒక క్రియ మారుస్తూ పోతే చివరికి కథలో సంఘటన మిగిలేది, మనిషి మిగిలేది కాదు. అలా మార్చాలన్న తొందరను అణుచుకోవడం సంపాదకుడికి నిజంగా కష్టమైన పని. తెలుగులో ఆ పనిని ఓపిగ్గా చేస్తున్నది ఎక్కువగా ఈ చిన్న సంస్థలే అని నా అభిప్రాయం.

అలాగని దేన్నీ ముట్టుకోకూడదని కాదు. మాండలికంలో రాసిన ప్రతిలో ఏది ఆ ఊరి ఉచ్చారణో, ఏది డీటీపీ చేసినవారి పొరపాటో విడదీయడానికే రోజులు పడతాయి. అందుకని అనుమానం వచ్చిన పేరాలను రచయితకు ఫోన్ చేసి, గట్టిగా చదివి వినిపించమంటాను. నోటితో పలికినప్పుడు ఒకలా, కాగితం మీద ఇంకోలా ఉంటే నోటిదే ఖాయం చేస్తాం. ఆత్మకథల్లో చిక్కు వేరు. జ్ఞాపకం కాలక్రమంలో రాదు. తండ్రి చనిపోయిన ఏడాది ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటుంది. బతికున్న బంధువుల గురించి రాసిన పేజీలుంటాయి. వాటిని ఉంచాలా తీయాలా అన్నది రచయితే తేల్చుకోవాలి. ఆ పేజీ అచ్చయితే ఇంట్లో ఏమవుతుందో అడగడం వరకే నా పని.

దేవులపల్లి కృష్ణమూర్తి 'ఊరువాడ బతుకు' చదువుతున్నప్పుడు ఆ చిక్కులన్నీ దాటి వచ్చిన నిదానం కనిపిస్తుంది. నల్లగొండ జిల్లా పల్లెలో గడిచిన బాల్యం అది. పండగలు, పనులు, కులాలు, వాడలు ఒకదాని వెంట ఒకటి తోసుకొస్తాయి. దాన్ని నవల అనాలా, ఆత్మకథ అనాలా అని గిరిగీసుకుని కూర్చోకుండా వేయడం ప్రచురణకర్త అయిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ధైర్యం. 1980లో మొదలైన ఆ సంస్థ తొలినాళ్లలోనే అలెక్స్ హేలీ 'రూట్స్'ను సహవాసి అనువాదంలో 'ఏడు తరాలు'గా తెలుగు ఇళ్లకు చేర్చింది. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' లాంటి నవలలను మళ్లీ మళ్లీ అందుబాటులో ఉంచింది. కొత్త పుస్తకం వేయడమంత గొప్పదే, మంచి పుస్తకం దొరక్కుండా పోనివ్వకపోవడం.

కవిత్వం సంగతి ఎప్పుడూ కష్టమే. 'మహాప్రస్థానం'కు చలం యోగ్యతాపత్రం రాసింది 1940లో, పుస్తకం బయటికొచ్చింది 1950లో. శ్రీశ్రీకే పదేళ్లు! తర్వాతి కాలంలో కవి, పాత్రికేయుడు త్రిపురనేని శ్రీనివాస్ విజయవాడ నుంచి 'కవిత్వం ప్రచురణలు' నడిపారు. జి. లక్ష్మీనరసయ్యతో కలిసి ఆయన 1995లో తెచ్చిన దళిత కవితా సంకలనం 'చిక్కనవుతున్న పాట' తెలుగు కవిత్వ చర్చనే మార్చింది. మరుసటి ఏడాదే ఆయన చిన్నవయసులో చనిపోయారు. ఒక్క మనిషి పూనికతో నడిచే సంస్థలకు ఉండే బలమూ ప్రమాదమూ అక్కడే ఉన్నాయి.

పుస్తకం అచ్చయ్యాక కథ మళ్లీ మొదలవుతుంది. మూడు వందలో ఐదు వందలో కాపీలు. దుకాణాల కమిషన్ పోగా చేతికొచ్చేది తక్కువ కాబట్టి చిన్న సంస్థలు పోస్టు మీదే ఆధారపడ్డాయి. 2024 డిసెంబరులో తపాలా శాఖ పుస్తకాలకున్న చవక రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సౌకర్యాన్ని ఉన్నట్టుండి ఎత్తేసింది. 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' వచ్చింది. మూడు వందల గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోలకు 100 రూపాయలు. ఆదిలాబాద్‌లో పాఠకుడికి పల్చటి కవితా సంపుటి పంపాలంటే ఈ లెక్కే నిర్ణయిస్తుంది. జ్ఞాన్ పోస్ట్ రాకముందు ఆ కొన్ని నెలల్లో పుస్తకం ధరకు దగ్గరగా పంపే ఖర్చు కనిపించి ఆర్డరు మానుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా వేధిస్తున్నది మరొకటి. తెలుగు పుస్తకాలు ఇన్నేళ్లూ ఎక్కువగా యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. ఆ ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు తారుమారవుతాయి, వట్రసుడులు మాయమవుతాయి. ఆఖరి ప్రూఫులో దిద్దిన తప్పులు చాలాసార్లు డీటీపీ చేసినవారి కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. ఆ కంప్యూటర్ పాడైతే, పదేళ్ల తర్వాత రెండో ముద్రణకు పాత కాపీ ముందు పెట్టుకుని మళ్లీ టైపు చేయాల్సిందే. రచయిత ఫోన్‌లో చదివి వినిపించిన ఆ మాటలన్నీ మళ్లీ కొత్త చేతిలో పడతాయి. అప్పటికి అడగడానికి రచయిత ఉంటారో లేదో. అందుకే చదివిపెట్టమని అడిగిన ప్రతి సంస్థకూ ఈమధ్య ఒక షరతు పెడుతున్నాను. ఆఖరి దిద్దుబాట్లన్నీ చేరిన యూనికోడ్ ప్రతి తయారుచేసి, ఒకటి తమ దగ్గర ఉంచుకుని, ఒకటి రచయిత ఇంటికి పంపాలి. ఒప్పుకున్నాకే మొదటి పేజీ తిప్పుతున్నాను.