సైనిక జోక్యానికి కారణమేది? అఫ్ఘానిస్తాన్ ఉదంతంపై ఒక విమర్శ

1979లో అఫ్ఘానిస్తాన్‌లోకి సోవియట్ సేనలు ఎందుకు ప్రవేశించాయన్న ప్రశ్నకు ముస్లిం రచయితలు తరచుగా రెండు సమాధానాలు చెబుతారు. ఒకటి, జార్ చక్రవర్తుల కాలం నుండి దక్షిణ సముద్రాలపై రష్యాకు గల ఆశ. రెండవది, ఇస్లాం పట్ల నాస్తిక ప్రభుత్వానికి గల ద్వేషం. ఇవి పూర్తిగా నిరాధారమైనవి కావు. కాని ఈ రెండే కారణాలైతే ఒక విషయం బోధపడదు.

ఆ సంవత్సరం మార్చిలో హెరాత్‌లో తిరుగుబాటు చెలరేగినప్పుడు కాబూల్ పాలకుడు తరకీ స్వయంగా సోవియట్ సేనలను అర్థించాడు. మాస్కో నిరాకరించింది. ప్రజల మద్దతు లేని ప్రభుత్వాన్ని ఆయుధబలంతో నిలబెట్టరాదని గూఢచార సంస్థ అధిపతి ఆంద్రొపోవ్ వాదించినట్లు, సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిదప వెలువడిన పత్రాలు తెలుపుతున్నాయి. ఆక్రమణ కాంక్ష ఒక్కటే కారణమైతే, కోరి వచ్చిన అవకాశాన్ని ఎందుకు వదులుకున్నట్లు?

డిసెంబరు నాటికి తరకీని కూలద్రోసి చంపించిన అమీన్ అధికారంలో ఉన్నాడు. అతడు అమెరికా వైపు మొగ్గుతున్నాడన్న అనుమానాన్ని బ్రెజ్నేవ్‌కు నివేదించినవాడు ఆ ఆంద్రొపోవే. కాబూల్ కోసం ఆయుధాలను, సలహాదారులను, తమ ప్రతిష్ఠను వెచ్చించిన మాస్కో నాయకులకు వెనుకకు మరలడం ఓటమిగా తోచింది. సైన్యాధికారి ఒగార్కొవ్ అభ్యంతరాలను త్రోసిపుచ్చి, డిసెంబరు 12న కొద్దిమంది కలిసి నిర్ణయం చేశారు. 27న సోవియట్ దళాల దాడిలో అమీన్ హతుడయ్యాడు. సేనలను కోరిన ప్రభుత్వపు అధినేతనే బలిగొన్న ఈ చర్యకు మాస్కో పెట్టిన పేరు ‘సహాయం’.

కనుక ప్రభుత్వాలు బలగర్వంతోనే సైన్యాన్ని పంపుతాయనుకోరాదు. భయంతోనూ పంపుతాయి. పరీక్షించని సమాచారం ఆ భయాన్ని పెంచుతుంది. 2003లో ఇరాక్‌పై దాడికి అమెరికా కారణంగా చూపిన మారణాయుధాల నిల్వలు ఆ తరువాత దొరకనే లేదు.

అఫ్ఘానిస్తాన్‌కు సేనలను పంపిన నిర్ణయం ఖండించదగినదని 1989 డిసెంబరులో సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభే ప్రకటించింది. అప్పటికి సుమారు 15,000 మంది సోవియట్ సైనికులు, లక్షలాది అఫ్ఘాన్లు మరణించారు. 50 లక్షలకు పైగా ప్రజలు శరణార్థులయ్యారు.

దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించక నమ్మి, ఇతరులకు హాని చేసి, పిదప పశ్చాత్తాపపడవద్దని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 6వ ఆయత్ విశ్వాసులను హెచ్చరిస్తున్నది. ఈ హితవు పాలకులకే కాదు, విమర్శకులకూ వర్తిస్తుంది. దురాక్రమణ నేరం మాస్కోదే, సందేహం లేదు. అయితే తమ ప్రజలపైకి పరాయి సేనలను పదేపదే పిలిచినవారు ముస్లిం కుటుంబాలలో పుట్టిన కాబూల్ పాలకులే. ఆ సంగతిని మరుగుపరచి వ్రాసే చరిత్ర కూడా విచారణ లేని వార్తే.