సూర్యలంక ఇసుకలో రంగులు

తెనాలి, రేపల్లె వైపు పుట్టినవాళ్ళకి రాయంటే లారీలో దిగే కంకరే. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు మీద ఊళ్ళు కట్టుకున్నాం, మనకి కొండెక్కడిది? రేపల్లె దగ్గర కొల్లూరు ఉందిగా, కోహినూరు అక్కడిదేగా అనేవాళ్ళు తగులుతుంటారు. వజ్రాల కొల్లూరు వేరు. అది పల్నాడులో, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. రంగురాళ్ళ సరదా ఉంటే అంత దూరం పోనక్కర్లేదు. బాపట్ల దాటితే సూర్యలంక.

ఒడ్డున తెల్ల ఇసుక మీద నల్లటి చారలు కనబడతాయి. చాలామంది మురికనుకుని దాటిపోతారు. అది ప్రధానంగా ఇల్మనైట్, టైటానియం ఖనిజం. దానిలోనే గులాబీ ఛాయ కనబడితే గార్నెట్ ఉన్నట్టు. ఇవి ఇక్కడ పుట్టినవి కావు. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది, బెజవాడ కొండల్లోనూ అదే. ఒడిశా ఖోండు గిరిజనుల పేరిట 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికా పేరు పెట్టాడు. అలాంటి రాళ్ళు శిథిలమై, వాటిలోని ఈ ఖనిజాలు వాగులూ నదుల వెంట సముద్రం చేరాయి. అక్కడ అల చాటతో చెరిగినట్టు చెరుగుతుంది: తిరిగి వెళ్తూ 2.65 సాంద్రత ఉన్న క్వార్ట్జ్‌ని లాక్కుపోతుంది, 4 దాటిన గార్నెట్, 4.7 ఉన్న ఇల్మనైట్ వెనక మిగిలిపోతాయి. అందుకే సముద్రం పోటెత్తి తగ్గాక వెళ్ళాలి.

పళ్ళెంలో గుప్పెడు ఇసుక, కాసిని నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పుతూ పైపైన వంచేస్తే బరువైనవి అడుగున నిలుస్తాయి. ఇంటికొచ్చి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. లేకపోతే ఉప్పు తెల్లగా పేరుకుని, తర్వాత తీసే ఫొటో పాడవుతుంది. కాగితం చుట్టిన అయస్కాంతం తిప్పితే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఎగిరి అంటుకుంటుంది. ఇల్మనైట్‌కి బలమైన అయస్కాంతం కావాలి.

అసలు సరదా కెమెరాతోనే. ఒక ఫోన్‌లో తెల్ల తెర వెలిగించి, పైన గాజు పలక పెట్టి, దాని మీద చిటికెడు ఇసుక పలచగా చల్లండి. రెండో ఫోన్‌కి మాక్రో లెన్స్ తగిలించి చూడండి. కింద నుంచి వెలుగు తగిలినా ఇల్మనైట్ నల్లగానే ఉంటుంది. పక్కనున్న గార్నెట్ మాత్రం గులాబీ రంగులో వెలుగుతుంది. రూటైల్ అనే ఖనిజమైతే ముదురెరుపు, జిర్కాన్ అనేదైతే దాదాపు రంగులేకుండా నిగనిగలాడుతుంది. అంత దగ్గర్లో గింజ మొత్తం ఒకేసారి స్పష్టంగా రాదు కాబట్టి, ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ నాలుగైదు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోవాలి. ఫ్యాన్ ఆపండి, ఊపిరి కూడా బిగబట్టండి. తీసిన చోటు, తేదీ రాసి పెట్టుకోకపోతే మాత్రం అది ఉత్త అందమైన బొమ్మ.

ఒక మాట. ఈ ఇసుకలో పసుపు ఛాయ గింజలు మోనజైట్ కావచ్చు, అందులో థోరియం ఉంటుంది. అందుకే 2019లో కేంద్రం ఇలాంటి తీర ఇసుక తవ్వకాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. సంచులు పట్టుకుపోకండి. ఫొటోకి చిటికెడు చాలు.