ఊపిరాడే పూత

మే నెలలో రెక్సిన్ సీటు మీద రెండు గంటలు బస్సు ప్రయాణం చేసినవాళ్లకు చొక్కా వీపుకు ఎలా అతుక్కుపోతుందో చెప్పక్కర్లేదు. రెక్సిన్‌లోలా గుడ్డ మీద పీవీసీ పూత వేస్తే నీళ్లు లోపలికి రావు, కానీ చెమట ఆవిరీ బయటికి పోదు. 1823లో చార్లెస్ మెకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి వానకోటు తయారు చేసినప్పుడూ ఇదే చిక్కు. వానకు తడవనివ్వని కోటే చెమటతో తడిపేసేది.

విరుగుడు ఏమిటంటే, పూతలోనే కంటికి కనబడని రంధ్రాలు పుట్టించడం. వానచినుకు మిల్లీమీటరు ఉంటే రంధ్రం అందులో వెయ్యోవంతు, అంటే ఒక మైక్రాను అటూ ఇటూ ఉంటుంది. ఆవిరిలోని నీటి అణువు అంతకన్నా వేల రెట్లు చిన్నది. పూత నీటిని అంటనివ్వనిదైతే తలతన్యత వల్ల చినుకు రంధ్రంలోకి దిగలేదు, ఆవిరి మాత్రం దారి వెతుక్కుని పోతుంది.

ఇన్ని రంధ్రాలను సూదితో పొడవడం అయ్యే పని కాదు. వాటంతట అవే పుట్టాలి. పాలియురెథేన్ అనే ప్లాస్టిక్‌ను డీఎంఎఫ్ అనే ద్రావణిలో చిక్కగా కరిగిస్తారు. రోలర్ల మీద గుడ్డ సాగుతుంటే, డాక్టర్ బ్లేడు అనే పలక ఈ ద్రవాన్ని దాని మీద సమంగా పరుస్తుంది. ఆరకముందే గుడ్డ నీళ్ల తొట్టిలోకి దిగుతుంది. డీఎంఎఫ్ నీళ్లలో ఇట్టే కలిసిపోయే రకం కాబట్టి పూతలోంచి బయటికి వచ్చేస్తుంది, దాని చోటులోకి నీరు చేరుతుంది. పాలియురెథేన్ నీళ్లలో కరగదు, అందుకని ఉన్నచోటే గడ్డకడుతుంది. రంగు కలపని పూత అయితే, అంతదాకా అద్దంలా ఉన్న జిగురు పొర తొట్టిలో తెల్లబడుతుంది. లోపల ఏర్పడిన ఖాళీలు వెలుతురును చెదరగొట్టడం వల్ల వచ్చిన తెలుపు అది. ఆ పొరను నిలువునా కోసి మైక్రోస్కోపు కింద పెడితే దిబ్బరొట్టె లోపలి గుల్లతనం కనిపిస్తుంది.

పనితనమంతా గడ్డకట్టే వేగాన్ని అదుపులో పెట్టడంలోనే ఉంది. వట్టి నీళ్లలో ముంచితే పైపొర వెంటనే బిగుసుకుపోయి, కింద పొడుగాటి సొరంగాలు ఏర్పడతాయి. అందుకే తొట్టి నీళ్లలో ముందే కొంత డీఎంఎఫ్ కలిపి ఉంచుతారు. అప్పుడు మార్పిడి నిదానిస్తుంది, రంధ్రాలు సన్నగా, సమంగా వస్తాయి. తర్వాత కడగడంలోనూ తొందర పనికిరాదు. డీఎంఎఫ్ 153 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సరిగ్గా కడగకుండా ఆరబెడితే ముందు నీరు ఆవిరైపోతుంది, మిగిలిన డీఎంఎఫ్ పాలియురెథేన్‌ను మళ్లీ మెత్తబరుస్తుంది. అంత కష్టపడి పుట్టించిన రంధ్రాలు కూలిపోతాయి.

డ్యూపాంట్ కంపెనీ 1960లలో కార్ఫామ్ పేరుతో ఇలాంటి గుల్ల పాలియురెథేన్ తోలును బూట్ల కోసం తెచ్చింది. నీటికి చెడదు, పాలిష్ అక్కర్లేదు, ఆవిరినీ పోనిస్తుంది. అయినా 1971లో అమ్మకం ఆపేసింది. అసలు తోలు వాడేకొద్దీ పాదం ఆకారానికి సాగుతుంది, కార్ఫామ్ మొండిగా మొదటి రూపానికే తిరిగి వచ్చేది. ఆ ఓటమిని రంధ్రాల మీదికి నెట్టడం న్యాయం కాదనిపిస్తుంది. 1964లో జపాన్‌లో కురారే కంపెనీ మొదలుపెట్టిన ఇలాంటి తోలే, క్లారినో, నేటికీ నడుస్తోంది.

మన వాతావరణంలో ఒక సంగతి గమనించాలి. ఆవిరి తనంతట తాను బయటికి పోదు, లోపలి తేమ బయటి తేమకన్నా ఎక్కువ ఉండాలి. విశాఖలో ముసురు పట్టి గాలి తేమతో నిండినప్పుడు ఎంత ఖరీదైన కోటయినా కొండ ప్రాంతపు చల్లటి, పొడి గాలిలో పనిచేసినట్టు చేయదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పకపోవడం నాకు నచ్చదు. ఉతికాక సబ్బు మిగలకుండా జాడించడం కూడా ముఖ్యమే. సబ్బు తలతన్యతను తగ్గిస్తుంది, అప్పుడు నీళ్లు రంధ్రాల్లోకి దిగడం మొదలుపెడతాయి.

ఈ పద్ధతి మీద నాకున్న అభ్యంతరమల్లా డీఎంఎఫ్ గురించే. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోయి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పని చేసేచోట ఘనపు మీటరు గాలిలో 6 మిల్లీగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ 2021లో నిబంధన తెచ్చింది. ద్రావణి బదులు నీళ్లు వాడి చేసిన పాలియురెథేన్‌ను గిలక్కొట్టి, నురగగా పూసి ఆరబెట్టే దారి ఇప్పటికే ఉంది. అందులో రంధ్రాలు కాస్త పెద్దవి, అంత సమంగా రావు. చెప్పులకు, సంచులకు, సోఫాలకు ఆ నాణ్యత చాలు. తొట్టి పక్కన నిలబడే మనిషి డీఎంఎఫ్ ఆవిరి పీల్చకుండా ఉండడానికి ఆ కాస్త తేడాను కొనేవాళ్లం భరించవచ్చు.