కాసు మీద అరుగుదల

మా అమ్మమ్మ కాసులపేరులో ఇరవై ఒక్క కాసులుండేవి. పదిహేను లక్ష్మీదేవి బొమ్మ అచ్చువేసిన పల్చటి బిళ్ళలు. మిగిలిన ఆరూ అసలు సవరన్లు, అంటే బ్రిటిషు బంగారు నాణేలు. పేరు తెగినప్పుడు అన్నిటినీ ఒకే పళ్ళెంలో పోసి, ఒక్కొక్కటీ వేళ్ళతో తడుముతూ ఏది ఏదో చూడకుండానే చెప్పేది. ఆ తడమడంలో సగం విద్య ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

నాణేన్ని చూసి విలువ కట్టడం మనకు కొత్తగా వచ్చిన పని కాదు. వరహాలూ మాడలూ రూకలూ చెల్లిన రోజుల్లో ప్రతి సంతలోనూ షరాబు ఉండేవాడు. నాణెం చేతిలోకి తీసుకుని, తూచి, గీటురాయి మీద గీసి, అరిగినదానికి వట్టం పట్టుకుని మిగతా ఇచ్చేవాడు. అందులో బంగారం ఎంత తరిగిందన్నదే ఆయనకు కావాలి. నాణేలు సేకరించేవాళ్ళకు కావలసింది వేరు: టంకశాలలో అచ్చు దిగిన క్షణానికీ ఇవాళ్టికీ మధ్య దీనికి ఏమైంది? లెక్క మారినా రెండిటికీ కావలసిన కన్ను ఒకటే.

ఆ కన్ను ముందు వెలుతురు అడుగుతుంది. ట్యూబులైటు పనికిరాదు, ఒకే ఒక్క బల్బు కావాలి. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకుని, దాని కింద మెల్లగా వంచుతూ తిప్పాలి. అరగని నాణెమైతే వెలుగు ఒకచోట నిలవదు. బండిచక్రం ఆకుల్లాగా మధ్యనుంచి అంచుకు సాగి, తిప్పుతున్నకొద్దీ చుట్టూ పరుగెడుతుంది. అచ్చు బలంగా దిగినప్పుడు లోహం నడుమనుంచి బయటికి పారుతుంది. ఆ పారుదల మిగిల్చిన కంటికానని గీతల వల్లే ఈ పరుగు. చేతులు మారేకొద్దీ ముందు పోయేది ఈ గీతలే. బొమ్మ ఎంత చక్కగా ఉన్నా వెలుగు బుగ్గ మీదికొచ్చి ఆగిపోయిందంటే ఆ నాణెం బజారు చూసినట్టే.

తర్వాత భూతద్దం. ఎత్తుగా ఉన్నది ముందు అరుగుతుంది కాబట్టి, ఏ బొమ్మలో ఏది ఎత్తో ముందే తెలిసుండాలి. మన ఇళ్ళలో కనబడే సవరన్లలో ఎక్కువ భాగం విక్టోరియా రాణివి, ఏడో ఎడ్వర్డువి, అయిదో జార్జివి. 1899 చట్టంతో సవరను పదిహేను రూపాయలకు ఇక్కడ అధికారికంగా చెల్లింది, అలా మన పెట్టెల్లోకి చేరింది. జార్జి ముఖంలో కనుబొమ, మీసం, బుగ్గ ఎముక చూడాలి. ఎడ్వర్డుకైతే చెవి పైన జుట్టు, గడ్డం. బొరుసు వైపు గుర్రం మీద కూర్చుని డ్రాగన్‌ను పొడుస్తున్న సెయింట్ జార్జి ఉంటాడు. పిస్ట్రుచి అనే ఇటలీ శిల్పి 1817 సవరను కోసం చెక్కిన బొమ్మ అది, ఇవాళ్టికీ వాడుకలో ఉంది. అందులో శిరస్త్రాణం, వీరుడి తొడ, గుర్రం రొమ్ము ముందు నున్నబడతాయి. ముందు ఆ చోట్ల రంగు మందగిస్తుంది, తర్వాత గీతలు కలిసిపోతాయి, ఆఖరికి కండరాలన్నీ ఒకే చదునుగా మారతాయి. అదే నాణెంలో అక్షరాల సందుల్లో, గుర్రం కాళ్ళ మధ్య, తొలినాటి మెరుపు దాక్కుని ఉంటుంది. ఎంత అరిగిందో చెప్పేది ఎత్తులు. ఎంత మిగిలిందో చెప్పేది ఈ మూలలు.

కొత్తవాళ్ళు ఎక్కువగా మోసపోయేది చదును దగ్గర. చదునుగా ఉన్న ప్రతిదీ అరిగినది కాదు. విజయనగరపు వరహా చూడండి. బరువు సుమారు 3.4 గ్రాములు, చిటికెన వేలి గోరంత బిళ్ళ. సమ్మెటతో కొట్టి ముద్ర వేసేవారు. చాలాసార్లు అచ్చు బిళ్ళకంటే పెద్దది కాబట్టి బొమ్మ పూర్తిగా పట్టేది కాదు. ఉమామహేశ్వరులలో ఒకరి ముఖం లేకపోవడం, కృష్ణదేవరాయల వరహాలో బాలకృష్ణుడి మోకాలు అంచులో కలిసిపోవడం మామూలే. అది అరుగుదల కాదు, దెబ్బ సరిగ్గా పడకపోవడం. ఎలా తెలుస్తుంది? అచ్చు దిగని చోట బిళ్ళ తొలి గరుకుదనం అలాగే ఉంటుంది, చుట్టూ ఉన్న మెరుపు దాని మీద కూడా ఉంటుంది. అరిగిన చోటు పాత గుడి మెట్టులా నున్నగా, మసకగా కనబడుతుంది. ఈ రెంటినీ విడదీయగలిగినవాడికి సగం పైగా పని అయిపోయినట్టే. వరహాకు విలువ కట్టేటప్పుడు సవరను కొలత పట్టుకొస్తే దాన్ని కొట్టిన కంసాలికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

మూడోది గాట్లు. బంగారం మెత్తన. కొత్త సవరన్లు సంచుల్లో పోసి బ్యాంకులకు పంపేటప్పుడే ఒకదానికొకటి తగిలి చిన్న చిన్న దెబ్బలు తింటాయి. ఒక్క చేతిలోనూ పడని నాణేనికైనా బుగ్గ మీద గాటుండవచ్చు. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో అక్కడి పాత పెద్ద సెంట్ల కోసం వేసిన 1 నుంచి 70 దాకా కొలతనే ఇవాళ ప్రపంచంలో చాలాచోట్ల వాడుతున్నారు. అందులో 60, ఆ పైవి అరుగుదల లేనివి. కానీ గాట్ల మయమైన 60 కన్నా, కాస్త ఎత్తులు మాత్రం నలిగిన 58 కళ్ళకు అందంగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. అంకె ఒక్కటే చూసి కొనేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

అరుగుదలను తక్కెడతో కూడా చదవవచ్చు. సవరను 22 కేరట్లది. టంకశాల నుంచి వచ్చేటప్పుడు బరువు 7.988 గ్రాములు. 7.938 కన్నా తగ్గితే బ్రిటిషు చట్టం ప్రకారం చెల్లదు. అంటే ఇరవైలో ఒక వంతు గ్రాము, అంతే. బొమ్మ సగం పోయినట్టు కనిపించే నాణెం కూడా పోగొట్టుకున్న బంగారం అతి కొద్ది. మన ఇళ్ళలో కాసులకు ఈ లెక్క కుదరదు. కొక్కెం అతికితే బరువు పెరుగుతుంది, దాన్ని ఊడదీసి ఆకురాయి పెడితే తగ్గుతుంది. అందుకే కాసు చేతికి రాగానే ముందు పన్నెండు గంటల చోటున అంచు చూస్తాను. పళ్ళు అక్కడ తెగిపోయి, నున్నగా, రంగు వేరుగా ఉంటే అది ఎవరి మెడలోనో వేలాడిందన్నమాట.

మరి ఇంట్లో జరిగే నష్టం మాటేమిటి? పండగకు ముందు చింతపండుతో, కుంకుడు రసంతో, బ్రష్షు పెట్టి కాసులు తోమేస్తాం. నగకు అది సరే. నాణేనికి మాత్రం నూరేళ్ళ వాడకం చేయలేని నష్టం ఆ పది నిమిషాల్లో జరుగుతుంది. తోమిన బంగారం ఒకే తీరుగా, అద్దంలా మెరుస్తుంది, చక్రపుటాకులు పరుగెత్తవు, భూతద్దం కింద అన్నీ ఒకే వాలున గీతలు. సహజంగా అరిగిన నాణేనికి సేకరించేవాళ్ళు గౌరవమిస్తారు, తోమినదాన్ని పక్కన పెడతారు. ఒకసారి ఒక కొట్టులో అమ్మమ్మ కాసు ఒకటి చూపిస్తే, అతను మాట్లాడకుండా దాని అంచును గీటురాయికేసి బలంగా రాశాడు. వన్నె చెప్పాడు, సంవత్సరం చూడలేదు. ఆ గీటు ఇప్పటికీ ఉంది.

పేరు విప్పినప్పుడు ఆ ఆరింటినీ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చూశాను. అయిదు లండన్‌వి. ఆరోది అయిదో జార్జిది, 1918. గుర్రం కాళ్ళ కింద, సంవత్సరానికి కాస్త పైన, నేల గీత నడుమ చిన్న ఐ అక్షరం, ఇండియాకు గుర్తు. సవరన్లు బొంబాయిలో ముద్రించింది ఆ ఒక్క ఏడాదే, దాదాపు పదమూడు లక్షలు.

దాన్ని బల్బు కింద వంచాను. రాజు మీసంలో గీతలు ఇంకా లెక్కపెట్టుకోవచ్చు, గడ్డం చుట్టూ వెలుగు కొంచెం కదిలింది. తిప్పి చూస్తే గుర్రానికి రొమ్ము లేదు, వీరుడి తొడ నున్నటి బొడిపె. సంతలో తిరిగిన నాణెం రెండు వైపులా అరుగుతుంది. ఇది ఒక్క వైపే అరిగింది. బొమ్మ బయటికి, బొరుసు లోపలికి, యాభై ఏళ్ళు పట్టు రవికెకు రాసుకుంటూ ఉన్న వైపు అది. తూస్తే 7.96 వచ్చింది, పైన అతుకు ముక్క కలిసి.