తండ్రి వాటా లేని గింజ

నరసరావుపేటలో పది గ్రాముల మిరప హైబ్రిడ్ ప్యాకెట్ కొన్న రైతుకి ఒక సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు: ఆ చేలో కాసిన కాయల గింజలే వచ్చే ఏడు నారు పోస్తే మొక్కకో తీరు వస్తుంది. పత్తిదీ అదే వరస. పువ్వులో బీజకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి, ముక్కలు మార్చుకుని, సగాలుగా విడిపోతాయి. హైబ్రిడ్ గుణం చెదిరేది అక్కడే.

ఆ చెదరడాన్ని ఆపిన పనితనం హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఇమ్రాన్ సిద్దిఖీ బృందానిది. వాళ్ల మొక్క ఆవాల కుటుంబపు చిన్న కలుపు, అరబిడాప్సిస్. కణంలో డీఎన్‌ఏ కండెకు చుట్టిన దారంలా హిస్టోన్ ప్రొటీన్ల మీద ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని ఇంకెన్నో ప్రొటీన్లు. అదంతా కలిపి క్రోమాటిన్. ఆ ప్రొటీన్లలో ఒకటి డయాడ్: విభజన మొదట్లో క్రోమోజోము జంట పోగులు విడిపోకుండా చూస్తుంది. అది చెడితే ఆడ మాతృకణం నాలుగు కావలసింది రెండే అవుతుంది. మొక్క దాదాపు గొడ్డు.

అలాంటిదాన్ని వంధ్యమని రాసి పక్కన పెట్టేయడం తేలిక. ఆ బృందంలోని రవి, మారిముత్తు, సిద్దిఖీ మాత్రం అది అరుదుగా ఇచ్చే గింజల్ని మొలిపించి క్రోమోజోములు లెక్కపెట్టారు. మామూలుగా 10 ఉండాలి. చాలావాటిలో 15 ఉన్నాయి: తండ్రి నుంచి 5, తల్లి నుంచి మొత్తం 10, ఏమీ చెదరకుండా. 2008లో నేచర్ పత్రిక దాన్ని అచ్చువేసింది. నాకు ఈ పనంతటిలో ఎక్కువ నచ్చేది ఈ ఓపికే.

ఇక వదిలించుకోవలసింది తండ్రి వాటా. రవి కాలిఫోర్నియాలోని డేవిస్‌కి వెళ్లి, సైమన్ చాన్‌తో కలిసి విభజనలో క్రోమోజోమును లాగడానికి పట్టు దొరికే చోట, అంటే సెంట్రోమియర్ దగ్గర కూర్చునే సెన్‌హెచ్3 అనే హిస్టోన్‌ని పట్టుకున్నాడు. దాని తోక మార్చిన మొక్కను మామూలు మొక్కతో సంకరం చేస్తే, పిండం తొలి విభజనల్లో తోక మార్చిన మొక్క క్రోమోజోములు జారిపోతాయి (2010). 2011లో ఈ రెండు పనుల్నీ జతచేశారు. ఫ్రాన్సు శాస్త్రవేత్తలు తయారుచేసిన, మూడు జన్యువులు చెడి క్రోమోజోముల్ని చెదరనివ్వని 'మైమి' మొక్కనూ వాడారు. సంతానంలో గరిష్ఠంగా 34 శాతం అచ్చం తల్లే.  కొన్నిటిని పనిచేయకుండా చేశారు, ఒకదాని తోక మార్చారు.

లోటూ ఉంది: ప్రతి తరానికీ చేత్తో సంకరం చేయాలి, అది రైతుకి పనికిరాదు. 2019లో డేవిస్‌లోనే ఖాండే, సుందరేశన్ వరిలో ఆ మెట్టూ తప్పించారు. మైమి వరి స్త్రీబీజంలో బీబీఎం1 అనే జన్యువుని పనిచేయిస్తే, తండ్రి కలవకుండానే పిండం కట్టింది.