గాలికొండ దారిలో ఊళ్ళు

సైకిలు పందేలకీ సాహిత్య విమర్శకీ ఏమిటి సంబంధమని పాఠకులు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. డచ్ రచయిత టిమ్ క్రబే 1978లో రాసిన చిన్న నవల, పేరుకు 'పందెగాడు' అని అర్థం, ఇంగ్లీషులో చదివాక ఆ అభిప్రాయం పోయింది. ఆ ఇంగ్లీషు అనువాదం 2002లో వచ్చింది. దక్షిణ ఫ్రాన్సులో సెవెన్ కొండల్లో ఒకే ఒక్క రోజు జరిగిన 137 కిలోమీటర్ల పందెం, అంతే కథ. అధ్యాయాలు లేవు. కిలోమీటరు రాళ్ళే అధ్యాయాలు. అక్కడి పెద్ద కొండ పేరు ఎగువాల్, ఎత్తు 1,567 మీటర్లు. మన చెవికి ఆ పేరు 'ఎగువ'లాగే వినిపించడం కేవలం కాకతాళీయమే కాని, చదువుతున్నంతసేపూ నాకు మా హోసూరు పక్క మిట్టదారులే గుర్తొచ్చాయి. అద్దె సైకిలు మీద మిట్ట ఎక్కలేక దిగి తోసుకుంటూ పోయిన రోజులు మనలో చాలామందికి ఉన్నవే కదా.

క్రబే పుస్తకంలో ప్రకృతి వర్ణన దాదాపు లేదు. కొండ అంటే ఏటవాలు, గాలి, గేరు పళ్ళ లెక్క, ముందువాడి వెనక చక్రం. కళ్ళు పెట్టుకుని చూడలేదా ఈయన అని మొదట విసుక్కున్నాను. రెండోసారి చదివితే అర్థమైంది, అది లోపం కాదు, నిజాయితీ అని. గుండె నోట్లోకి వచ్చినవాడికి లోయ అందం ఎక్కడ కనబడుతుంది? నడుమ ఒక పిట్టకథ చెబుతాడు. జాక్ ఆంక్‌టీల్ అనే మేటి పందెగాడు మిట్ట వచ్చిందంటే చాలు, సైకిలుకు తగిలించిన నీళ్ళ సీసా తీసి వెనక జేబులో పెట్టుకునేవాడట, సైకిలు తేలికవుతుందని! బరువు మోసేది ఆ మనిషే కదా అని మనం నవ్వేలోపే, పాత ఫొటోలు చూస్తే సీసా సైకిలుకే ఉందని తానే చెప్పేస్తాడు. అయినా ఆ కథను వదులుకోడు. మనిషి తన మనసుకు చెప్పుకునే మాట కూడా బరువు తగ్గిస్తుందని ఆయనకు తెలుసు. ఇంత పొదుపుగా ఆ సంగతి చెప్పిన రచయితలు తక్కువ.

పందెం చివర గెలుపు అందదు, రెండోస్థానమే. ఆ ఓటమి గురించి ఏడుపు లేకపోవడం కూడా నాకు నచ్చింది.

ఇదే కొండల వరసలకు తూర్పున, రోన్ నది అవతల ప్రొవాన్సులో, వాంటు కొండ ఉంది. సుమారు 1,910 మీటర్లు. బెద్వాన్ అనే ఊరి నుంచి శిఖరం దాకా దాదాపు 21 కిలోమీటర్లు, 1,600 మీటర్లు ఎగబాకాలి. చివరి భాగంలో చెట్టూ చేమా లేదు, తెల్లటి సున్నపురాయి బండలే. 1951 నుంచి టూర్ ద ఫ్రాన్స్ పందెం ఈ కొండ మీదుగా వెళుతూ ఉంది. 1955 నాటి పందెం గురించి రోలాఁ బార్త్ ఒక వ్యాసం రాశాడు. 1957లో వచ్చిన ఆయన 'మిథాలజీలు' సంపుటిలో అది ఉంది. పందెం ఒక ఇతిహాసం, పందెగాళ్ళ పేర్లు వీరుల బిరుదుల్లాంటివి, కొండలూ ఎండా గాలీ పాత్రలే అంటాడు. వాంటు అయితే బలి కోరే దుష్టదేవుడు. ఉత్సాహంగా చదివించే వ్యాసమే. మత్తుమందు వేసుకుని ఎక్కడం దేవుణ్ణి అనుకరించే అపచారంలాంటిదని కూడా అందులో అంటాడు.

పన్నెండేళ్ళ తరవాత, 1967 జూలై 13న, ఆ బండల మధ్యనే ఇంగ్లండు పందెగాడు టామ్ సింప్సన్ పడి చనిపోయాడు. వయసు 29. శవపరీక్షలో యాంఫెటమిన్లు బయటపడ్డాయి. ఎండ మండిపోతోంది, మద్యం కూడా పుచ్చుకుని ఉన్నాడు. బార్త్ మాట అక్షరాలా నిజమైందని పొంగిపోయే వ్యాఖ్యాతలుంటారు. నేను వారితో ఏకీభవించను. కొండను దేవుణ్ణి చేశాక చావుకు కారణం దేవుడే అవుతాడు. మందు ఇచ్చినవాడు, పందెం నడిపినవాడు, గెలవకపోతే బతుకు గడవదన్న భయం, అందరూ పక్కకు తప్పుకుంటారు. రూపకం బాగున్నకొద్దీ దాన్ని అనుమానించాలని ఈ సంగతి నాకు నేర్పింది. సీసా కథ అబద్ధమని తానే చెప్పిన క్రబే ఇక్కడ బార్త్ కన్నా నాలుగడుగులు ముందున్నాడు.

అయితే ఇద్దరి మీదా నాకో ఫిర్యాదుంది. ఈ దారుల్లో ఊళ్ళున్నాయి. ద్రాక్షతోటలు, గొర్రెల మందలు, రాతి ఇళ్ళు, చర్చి గంట. క్రబేకు ఊరంటే మలుపు. పందెం మొదలయ్యే ముందు కాఫీ హోటళ్ళ దగ్గర కనబడే జనాన్ని చూసి జాలిపడతాడు, పందెం లేని బతుకులని. బార్త్‌కు ఊరంటే నేపథ్యం. ఆ ఊళ్ళవాళ్ళు తరతరాలుగా మాట్లాడింది ఫ్రెంచి కాదు, ఆక్సితాన్. ప్రొవాన్సు వైపు దాన్ని ప్రొవెన్సాల్ అంటారు. వాంటును వాళ్ళు వెంతూర్ అన్నారు. ఆ భాషలోనే రాసి 1904లో నోబెల్ బహుమతి పంచుకున్న ఫ్రెడెరిక్ మిస్త్రాల్ తన భాషకు పెద్ద నిఘంటువు కూడా కట్టాడు. (ఆ ప్రాంతపు హోరుగాలి పేరూ మిస్త్రాలే. సైకిలువాళ్ళకు తెలిసింది గాలి ఒక్కటే!) నోబెల్ వచ్చినా బడిలో ఆ భాష నిలవలేదు. ప్రొవెన్సాల్‌ను యునెస్కో అట్లాసు తీవ్రమైన ప్రమాదంలో ఉన్న భాషల్లో వేసింది. ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి, వీధిలో ఇంకొకటిగా బతికే మన పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

మనవాళ్ళు ఈ విషయంలో మెరుగా? పూర్తిగా కాదు. పెద్దన ప్రవరుడు కాలికి పసరు పూసుకుని ఆయాసం లేకుండా హిమాలయం చేరాడు. శ్రమ లేదు కాబట్టి కొండంతా కన్నులపండువే. కాని మంచుకు పసరు కరిగి దారి తప్పాక ఏం చేశాడు? అక్కడి మనిషిని, వరూధినిని, దారి అడిగాడు. ఆ ప్రశ్నతోనే కావ్యం మొదలవుతుందని నా అభిప్రాయం. పందెగాడికి ఎవరినీ దారి అడగవలసిన పని లేదు. బాణం గుర్తులుంటాయి. ఇక మన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరింది పల్లకీలో. ఎక్కింది బోయీల ఊపిరితో. అయినా ఏ ఊళ్ళో నీళ్ళున్నాయి, ఏ అంగడిలో ఏం దొరుకుతుందని ఓపికగా రాసుకున్నాడు. శ్రమ తనది కాకపోయినా ఊరును ఊరుగా చూశాడు. క్రబే చెమటా వీరాస్వామయ్య కళ్ళూ ఒకే పుస్తకంలో కలిస్తే చదవాలని నాకు ఆశ.

వాంటు మీద అందరికన్నా ముందు రాసి పేరు పొందినవాడు ఇటలీ కవి పెట్రార్క్. తమ్ముడు గెరార్దోతో కలిసి 1336 ఏప్రిల్ 26న మలొసేన్ నుంచి కాలినడకన ఎక్కానని లాటినులో ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరానికి ఇప్పుడున్న రూపం చాలా ఏళ్ళ తరవాత వచ్చిందని పండితుల మాట. తమ్ముడు నిట్టనిలువు దారి పట్టాడు. ఈయన సులువు దారి వెతుకుతూ మళ్ళీ మళ్ళీ పల్లంలోకి దిగిపోయాడు. మిట్ట ఎక్కినవారెవరైనా ఈ పేరాలు చదివి నవ్వుకుంటారు. శిఖరం మీద అగస్టీన్ పుస్తకం తెరిచి ఆత్మ గురించి ఆలోచనలో పడడం ప్రసిద్ధం. నాకు మాత్రం అంతకుముందు కొండ మలుపులో ఎదురైన ముసలి గొర్రెలకాపరి ముఖ్యం. యాభై ఏళ్ళ కిందట నేనూ ఎక్కాను, ఒళ్ళూ బట్టలూ చీరుకుపోవడం తప్ప దక్కిందేమీ లేదు, వద్దు నాయనా అని ఆయన బతిమాలాడు. ఏ భాషలో అన్నాడో పెట్రార్క్ రాయలేదు. వినకుండా పోతున్నవాళ్ళకు చివరికి దారి చూపించింది కూడా ఆయనే. బరువనిపించిన బట్టలూ సామానూ ఆయన దగ్గరే వదిలి ఎక్కారు. రాత్రి వెన్నెల్లో బసకు తిరిగొచ్చిన సంగతి ఉత్తరంలో ఉంది. ఆ మూటలు ఎప్పుడు తీసుకున్నారో, ముసలాయన అప్పుడు ఏమన్నాడో లేదు.