పాత పగ, కొత్త పనితనం

పగ కథలో కొత్త మలుపు కోసం వెతకడం దండగ. ఒకడికి అన్యాయం జరుగుతుంది, చేసినవాళ్లను వాడు ఏరి మరీ చంపుతాడు. 2014లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'జాన్ విక్' కూడా ఈ దారిలోనే నడిచింది. గొప్పదనమంతా నడిచిన తీరులో ఉంది.

హీరో జాన్‌కు చనిపోయిన భార్య చివరి కానుకగా పంపిన కుక్కపిల్లను కుర్రమూక ఒకటి చంపి, కారు ఎత్తుకుపోతుంది. పగకు ఆ మాత్రం చాలు. ఇక హీరో ఎంతటివాడో అతను చెప్పుకోడు. ఆ మూకలో ఒకడి తండ్రి, మాఫియా నాయకుడు, ఫోన్‌లో జాన్ పేరు వినగానే నోట మాట రాక నిలబడిపోతాడు. ఏ పంచ్ డైలాగూ ఇవ్వలేని ఎలివేషన్ అది.

దర్శకుడు చాడ్ స్టాహెల్‌స్కీ స్టంట్‌మ్యాన్‌గా ఎదిగినవాడు. 'మ్యాట్రిక్స్'లో, ఇక్కడ జాన్‌గా నటించిన కీను రీవ్స్‌కే డూప్. అందుకే కెమెరాను కాస్త దూరం జరిపి, కట్లు తగ్గించి, తలనుంచి పాదందాకా ఒళ్లంతా కనిపించేలా ఫైట్లు తీశాడు. ఎవరు ఎక్కడున్నారో, దెబ్బ ఎటునుంచి వచ్చిందో మనకు తికమక ఉండదు. రీవ్స్ జూడో, జుజుత్సు, తుపాకీ సాధన చేసి మరీ దిగాడు. తూటాలు అయిపోతాయి, మళ్లీ నింపుకోవాలి. గాయమైతే కుట్లు వేయించుకోవాలి. హీరోకి అలుపొస్తేనే మనకు ఉత్కంఠ.

ఫార్ములా పాతబడిందని నిందించేవాళ్లు ఈ సినిమాను ఇంకోసారి చూడాలి. పాతబడేది ఫార్ములా కాదు, చేతకాని పనితనం.